కీమో మధ్యలో వేళాంగణి యాత్ర: తోడు వెళ్ళేవాళ్ళకు ఒక నర్సు సమాధానం

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ స్నేహితురాలికి రొమ్ము క్యాన్సరు, ఆపరేషన్ అయింది, కీమో సగంలో ఉంది. ఆమె క్యాథలిక్, మీరు హిందువులు. తమిళనాడు తీరంలోని వేళాంగణి మాతను చూడాలని ఆమె పట్టుబడుతోంది, "ఈ ఒంటితో అంత దూరమా" అని ఆమె భర్త ఒప్పుకోవడం లేదు, తోడు వెళ్ళడానికి మీరు సిద్ధంగా ఉన్నారు. దారిలో ఏమన్నా అయితే ఎలా, మాత దర్శనం అయ్యాక ఇక కీమో వద్దంటే ఏం చెప్పాలి, వేరే మతం మనిషిగా అక్కడ నేనేం చేయొచ్చు అని అడిగారు.

నేను క్యాన్సర్ వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా చేశాను. మా విచారణ, అంటే మా ఊరి చర్చి, నుంచి వేళాంగణికి వెళ్ళే బృందాల్లో జబ్బు మనుషుల వెంట ఇప్పటికీ వెళ్తుంటాను. నా మాట ఒక్కటే: తీసుకెళ్ళండి. తేదీ మాత్రం ఆమె రక్తపరీక్ష చూసి పెట్టుకోండి.

రొమ్ము క్యాన్సరుకు కీమో ఎక్కువగా 21 రోజులకొకసారి ఇస్తారు. మందు ఎక్కాక సుమారు 7వ రోజు నుంచి 14వ రోజు దాకా తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ వారంలో జనంలోకి వెళ్ళడం ప్రమాదం. మూడో వారానికి కణాలు మళ్ళీ పుంజుకుంటాయి, నోటి పుండ్లు మానతాయి, కాస్త అన్నం సయిస్తుంది. వచ్చే కీమోకు ముందున్న ఆ వారమే మీ యాత్రకు సరైన సమయం. కొన్ని మందులు వారం వారం ఇస్తారు, వాళ్ళకు ఈ లెక్క పనికిరాదు. అందుకే ఆమె డాక్టరుగారిని నేరుగా అడగండి. ఎందుకు వెళ్తున్నారో దాచకండి. "ఊరికి వెళ్ళాలి" అంటే ఆయన ఒకలా చెప్తారు, "రాత్రంతా రైలు, గుడి, సముద్రపు ఒడ్డు, జనం" అంటే ఇంకోలా చెప్తారు. బయల్దేరే ముందు రక్తపరీక్ష చేయించి, జబ్బు వివరం, వాడుతున్న మందులు, చివరి కీమో తేదీ ఒక కాగితం మీద రాయించుకుని మీ సంచిలో పెట్టుకోండి, ఆమె సంచిలో కాదు.

థర్మామీటరు తప్పకుండా తీసుకెళ్ళండి. కీమోలో ఉన్న మనిషికి జ్వరం 100.4 డిగ్రీలు దాటిందంటే అది మామూలు జ్వరం కాదు, గంటల్లో ప్రాణం మీదకు రావచ్చు. "ప్రయాణం బడలిక, ఒక పారాసిటమాల్ వేసి పడుకోబెడదాం, పొద్దున్నే పూజ ఉంది కదా" అని ఎవరన్నా అంటే వినకండి. ఆ మాత్ర జ్వరాన్ని కప్పేస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. అర్ధరాత్రయినా ఆసుపత్రికే. వేళాంగణికి నాగపట్నం పది పన్నెండు కిలోమీటర్లు. పెద్ద వైద్యం కావాలంటే తంజావూరుకో తిరుచ్చికో పోవాలి, అవి దూరం. కాబట్టి దిగిన రోజే ఒక కారు డ్రైవరు నంబరు తీసుకుని, రాత్రివేళ వస్తాడో లేదో అడిగి పెట్టుకోండి. ఆపరేషన్ అయిన వైపు చేతికి బరువు మోయించకండి, సూది గానీ బీపీ పట్టీ గానీ ఆ చేతికి వేయనివ్వకండి. తెలియని ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఈ మాట ముందు చెప్పాల్సింది మీరే, అప్పటికి ఆమెకు చెప్పే ఓపిక ఉండకపోవచ్చు.

వేళాంగణి మాత పండుగకు మాత్రం వద్దు. ఆగస్టు 29న జెండా ఎత్తినప్పటి నుంచి సెప్టెంబరు 8 దాకా అక్కడ ఇసుక వేస్తే రాలదు. కాషాయం కట్టుకుని వందల కిలోమీటర్లు నడిచి వచ్చేవాళ్ళు, రోడ్ల పక్కనే పడుకునేవాళ్ళు, చూడ్డానికి కన్నుల పండుగే. కానీ తెల్లకణాలు తక్కువున్న మనిషికి అది చోటు కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరంలో తుఫాన్ల కాలం, 2018 నవంబరులో గజ తుఫాను నాగపట్నం జిల్లాను ఎలా ఊడ్చేసిందో గుర్తుండే ఉంటుంది. మే నెల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. శని, ఆదివారాలు వదిలేసి మామూలు రోజుల్లో వెళ్తే మాత ముందు నిమ్మళంగా కూర్చోవచ్చు.

రైలు గురించి ఒక్కటే చెప్తాను. మన వైపు నుంచి వెళ్ళే రైలు చెన్నై సెంట్రల్లో దింపితే, నాగపట్నం రైలు ఎగ్మోరులో ఎక్కాలి. మధ్యలో దూరం తక్కువే, కానీ సామాను, మెట్లు, ఎండ, ఆటో బేరాలు కలిసి జబ్బు మనిషిని అక్కడే సగం పిండేస్తాయి. ఆ పూట చెన్నైలో గది తీసుకుని పడుకోబెట్టి, రాత్రి రైలు ఎక్కించండి. దారి పొడుగునా రెండు గంటలకొకసారి లేపి నాలుగడుగులు నడిపించండి. క్యాన్సరున్నవాళ్ళకు కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. గది మందిరం వాళ్ళ వసతి గృహాల్లోనే ముందుగా బుక్ చేసుకోండి. కింది అంతస్తు, కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి కావాలని అడగండి.

ఇప్పుడు మీరు ఎక్కువ భయపడుతున్న విషయానికి వస్తాను. "అమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాక ఇక మందులెందుకు" అని ఆమె అందని రాశారు. ఈ మాట నేను వార్డులోనూ విన్నాను, యాత్రలోనూ విన్నాను. చాలాసార్లు అది విశ్వాసం నుంచి వచ్చిన మాట కాదమ్మా. వాంతులు, నోటి పుండ్లు, రాలిన జుట్టు, పిల్లలు దగ్గరికి రావడానికి జంకడం, వీటితో విసిగిపోయిన మనిషి నోట వచ్చే మాట. కాబట్టి ముందు వాదించకండి. "దేనికి ఎక్కువ కష్టంగా ఉంది?" అని అడగండి. వాంతులంటే దానికి ఇంకా మంచి మందులున్నాయి, డాక్టరుకు చెప్పాలి. భయమంటే అది వేరే మాట, కూర్చుని వినాలి.

ఆ తర్వాత కూడా నిజంగా నమ్మకంతోనే అంటే, ఆమె బైబిలులోనే సమాధానం ఉంది. క్యాథలిక్ బైబిలులో సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం అని ఒకటి ఉంటుంది. అందులో 38వ అధ్యాయం మొదట్లోనే వైద్యుణ్ణి గౌరవించమని, అతణ్ణి దేవుడే కలిగించాడని, మందులను నేల నుంచి పుట్టించింది ప్రభువేనని, తెలివిగలవాడు వాటిని కాదనడని ఉంటుంది. జబ్బు చేస్తే ప్రార్థించు, ఆపైన వైద్యుడికి చోటివ్వు అని కూడా అక్కడే ఉంటుంది. మీరు చదివి వినిపించకండి, ఆమెనే తెరిచి చదవమనండి. మీరు చెబితే హిందూ స్నేహితురాలి సలహా అవుతుంది, ఆమె చదువుకుంటే ఆమె గ్రంథమే చెప్పినట్టవుతుంది. స్వస్థత ప్రార్థనల గురించి వాటికన్ 2000లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది: ప్రార్థించడమంటే వైద్యాన్ని వదిలేయడం కాదు, ప్రార్థన వైద్యం చేయించుకోమనే ప్రోత్సహిస్తుంది అని. మీ ఊరి విచారణ గురువుగారిని బయల్దేరే ముందు ఒకసారి కలిపించండి. ఫాదర్‌గారి నోట "కీమో మానకమ్మా" అన్న మాట వింటే ఆమె మనసు కుదుటపడుతుంది.

అద్భుతాల విషయంలో శ్రీసభ, అంటే క్యాథలిక్ చర్చి, ఎంత ఆచితూచి నడుస్తుందో చాలామంది క్యాథలిక్కులకే తెలియదు. ఫ్రాన్సులో లూర్దు పుణ్యక్షేత్రం ఉంది కదా, మన గుణదలలో ఉన్నదీ ఆ లూర్దు మాతే. 1858లో బెర్నదెత్ అనే పేదపిల్లకు అక్కడి గుహలో మరియమాత దర్శనమిచ్చింది. నయమైందని వచ్చి చెప్పేవాళ్ళను పరీక్షించడానికి 1883 నుంచీ అక్కడ ఒక వైద్య కార్యాలయమే ఉంది. అక్కడ వేల కేసులు నమోదైతే, 2025 నాటికి శ్రీసభ అద్భుతాలుగా ప్రకటించినవి 72. జబ్బు నిజంగా తీవ్రమైనదా, ఉన్నట్టుండి నయమైందా, మళ్ళీ తిరగబెట్టకుండా ఉందా, వైద్యం వల్లే తగ్గిందేమో అని ఏళ్ళ తరబడి చూస్తారు. శ్రీసభ ప్రకటించినా ప్రకటించకపోయినా తనకు మేలు జరిగిందని నమ్మే హక్కు ఆమెకు ఉంది. కానీ "ఇంకా తగ్గలేదా, నీ విశ్వాసం చాలలేదు" అని ఆమెతో అనే హక్కు ఎవరికీ లేదు.

ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, యాత్రల్లో ఇలాంటివాళ్ళు తారసపడతారు. రైల్లోనే మొదలుపెడతారు. ఏం పాపం చేశావో గుర్తుచేసుకో అంటారు, ఇంట్లో ఎవరిదో శాపం అంటారు. కీమోలో ఉన్న ఒకామెను ఒక పెద్దమనిషి ఇలాగే అరగంట సేపు ప్రశ్నించడం చూశాను. ఆమె ఆ రాత్రంతా తన తప్పులు వెతుక్కుంటూ ఏడ్చింది. అక్కడ మీరు మొహమాటపడకండి. "అయ్యా, ఆవిడకు విశ్రాంతి కావాలి" అని మధ్యలో లేచి నిలబడండి. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే అడుగుతారు, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని. వీడి పాపమూ కాదు, వీడి తల్లిదండ్రుల పాపమూ కాదు అని యేసుప్రభువు చెప్పాడు. ఆమెకు ఆ మాట గుర్తుచేయండి చాలు.

వేళాంగణి గురించి మీకు కొత్త కాబట్టి కొంచెం చెప్పాలి. అక్కడి మాత ఆరోగ్యమాత, చీర కట్టుకుని బాలయేసును ఎత్తుకుని ఉంటుంది. పెద్దలు చెప్పే కథలు మూడు. నాగపట్నం పాలు మోసుకెళ్ళే పిల్లవాడు చెరువు గట్టున ఆగితే, ఒక తల్లి తన బిడ్డకు పాలడిగింది, కుండ మళ్ళీ నిండింది. నడవలేని ఒక పిల్లవాడు మజ్జిగ అమ్ముకుంటుంటే అతని దగ్గరా అడిగి తాగింది, అతను లేచి పరుగెత్తాడు. తర్వాత తుఫానులో చిక్కుకున్న పోర్చుగీసు నావికులు సెప్టెంబరు 8న ఆ ఒడ్డుకు క్షేమంగా చేరి గుడి కట్టించారు. 1962లో పోప్ 23వ జాన్ దాన్ని బసిలికాగా ప్రకటించారు. రోగులు ఎక్కువ తలుచుకునేది ఆ మజ్జిగ పిల్లవాణ్ణే. అక్కడ మీకు కనిపించే జనంలో హిందువులు, ముస్లింలు బోలెడు మంది. మిమ్మల్ని ఎవరూ ఆపరు, ఎవరూ అడగరు.

ఆమె తప్పకుండా మోకాళ్ళ మీద నడవాలంటుంది. గుడి వైపు నుంచి మాత కొలను దాకా ఇసుక దారి ఉంది, మొక్కుకున్నవాళ్ళు జపమాల చెప్పుకుంటూ దాని మీద మోకాళ్ళతో వెళ్తారు. ఇక్కడ మీరు నర్సులా ఆలోచించాలి. కీమోలో కొన్ని మందులు, ముఖ్యంగా పాక్లిటాక్సెల్, నరాలను దెబ్బతీస్తాయి. అరికాళ్ళు, వేళ్ళు మొద్దుబారతాయి. మీకు కాలుతుంది కాబట్టి మీరు కాలు తీసేస్తారు, ఆమెకు కాలిన సంగతి తెలియదు. పొద్దెక్కితే ఆ ఇసుక పెనంలా కాలుతుంది. గదికి వచ్చి చూసుకునేసరికి బొబ్బలు ఉంటాయి, తెల్లకణాలు తక్కువున్న ఒంట్లో ఆ బొబ్బే ఇన్ఫెక్షన్‌కు దారి. కాబట్టి తెల్లవారుజామున, ఇసుక చల్లగా ఉన్నప్పుడే, మోకాళ్ళకు మందపాటి గుడ్డ చుట్టి, ఓపికున్నంత దూరమే. మిగతాది చెప్పులేసుకుని మీ చెయ్యి పట్టుకుని నడవమనండి. పూర్తి చేయలేకపోయానని బాధపడితే, ఒకరి మొక్కు ఇంకొకరు నడవడం అక్కడ రోజూ కనిపించేదేనని చెప్పండి. మీకు ఇష్టమైతే ఆ మిగిలిన దూరం ఆమె కోసం మీరు నడవండి. ఆ దారిన నేను చూసినవాళ్ళలో సగానికి సగం తమ కోసం నడుస్తున్నవాళ్ళు కాదు.

తలనీలాల మొక్కు ఉందేమో అడగండి. కీమోతో జుట్టంతా రాలిపోయిన ఒకామె మా బృందంలో వచ్చింది. మొదటి కీమోకు ముందే జడ కత్తిరించి, ఒక పాత చీరముక్కలో చుట్టి దాచుకుంది. ఆ మూటను ఇంటి నుంచి ఒళ్ళో పెట్టుకునే తెచ్చింది, రైల్లో తలకింద కూడా పెట్టుకోలేదు. అక్కడ దాన్ని సమర్పించి, ఉత్త తలకు కొంగు కప్పుకుని బయటికొచ్చినప్పుడు ఆమె ముఖంలో ఉన్న తేట నేను మాటల్లో పెట్టలేను. మీ స్నేహితురాలు అలా దాచుకుని ఉంటే మంచిదే. లేకపోతే ఆమె తరఫున కొవ్వొత్తి వెలిగించినా, కొబ్బరి మొక్క ఇచ్చినా, అవయవాల ఆకారంలో అమ్మే చిన్న రేకు బొమ్మ సమర్పించినా మొక్కే. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆమె తలకు కత్తి తగలనివ్వకండి, చిన్న గాటు కూడా ఈ సమయంలో వద్దు.

అలాగే మాత కొలను నీళ్ళు నుదుటికి రాసుకోవచ్చు, తాగొద్దు. మందిరంలో తెచ్చుకున్న నూనె కూడా నుదుటికే, ఆపరేషన్ కుట్ల మీద గానీ రేడియేషన్‌కు కమిలిన చర్మం మీద గానీ రాయొద్దు. ఇంటికొచ్చాక చుట్టాలు ప్రేమతో అక్కడే రాయబోతారు, ముందే చెప్పి ఉంచండి. మందు ఎక్కించడానికి ఒంట్లో గొట్టం గానీ, చర్మం కింద అమర్చే పోర్టు గానీ ఉంటే సముద్రంలో దిగడం మానుకోవాలి. ఒడ్డున వేయించే చేపలు ఘుమఘుమలాడతాయి, కానీ ఎప్పటివో తెలియదు. కళ్ళ ముందు కొట్టించిన కొబ్బరిబోండాం, వేడివేడి ఇడ్లీ, వేడన్నం, వీటితో ఆ రెండు రోజులు గడిపేయండి.

ఇక మీ సంగతి. పూజలో అందరూ లేచినప్పుడు లేవండి, కూర్చున్నప్పుడు కూర్చోండి. పూజలో గురువుగారు పంచే అప్పం, దివ్యసత్ప్రసాదం, మాత్రం క్యాథలిక్కులకే, ఆ సమయంలో మీరు మీ చోట ఉండిపోతే ఎవరూ ఏమీ అనుకోరు. తెలుగు పూజ ఏ వేళకో మందిరం కార్యాలయంలో అడగండి. అరవంలో ఎన్ని పూజలు చూసినా, తన భాషలో ఒక్కటి వినడం ఆమెకు వేరు. పాపసంకీర్తనం (గురువు దగ్గర తప్పులు ఒప్పుకోవడం), రోగుల అభ్యంగనం (గురువు ప్రార్థించి నూనె పూయడం) మాత్రం మీ ఊరి గురువుగారి దగ్గరే ముందుగా చేయించుకోమనండి, తెలుగులో మనసు విప్పి చెప్పుకోవచ్చు. అభ్యంగనం అనగానే ఇంట్లో పెద్దవాళ్ళు "చావబోయేవాళ్ళకిచ్చేది కదా" అని కంగారు పడతారు. అది జబ్బు బలంగా ఉన్న ఎవరికైనా ఇచ్చే సంస్కారం, జబ్బు ముదిరితే మళ్ళీ కూడా ఇస్తారు.

ఆమె జపమాల చెప్పుకునేటప్పుడు మీరు ఊరికే పక్కన కూర్చున్నా చాలు. కలిసి చెప్పాలనిపిస్తే రెండో సగం నేర్చుకోండి: "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా, పాపులమైయుండు మా కొరకు ఇప్పుడును మా మరణ సమయమందును ప్రార్థించండి." ఒక జపమాలలో ఇది 53 సార్లు వస్తుంది. అంటే ఆమె రోజూ తన చావును తలుచుకునే ప్రార్థన చేస్తోంది. ఇంట్లోనేమో ఆ మాట ఎత్తితే అందరూ నోరు మూయిస్తారు, "అలాంటి మాటలు మాట్లాడకు, నీకేం కాదు" అని. వేళాంగణిలో ఒక సాయంత్రం, గుడి బయట మెట్ల మీద, ఆమె ఆ మాట మీతో ఎత్తుతుంది. నా అనుభవంలో దాదాపు ప్రతి ఒక్కరూ ఎత్తారు. నేను పోతే పిల్లల చదువు ఎవరు చూస్తారు, నన్ను ఏ సమాధుల తోటలో పెడతారు, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడేమో. దయచేసి ఆపకండి. ధైర్యం చెప్పకండి. మీరు ఆమె చుట్టం కాదు, ఆమె మతం కాదు, బహుశా అందుకే ఆమె మిమ్మల్ని తోడు రమ్మంది. వినండి, ఏదన్నా పని చెబితే చేస్తానని ఒప్పుకోండి, చేయలేనిదైతే చేయలేనని చెప్పండి.

తిరిగొచ్చిన వారంలోనే స్కాను పెట్టించకండి, డాక్టరు ఆ తేదీకే కావాలంటే తప్ప. స్కాను కాగితం యాత్రకు వచ్చిన మార్కుల జాబితా అయిపోతుంది. స్కాను బాగుంటే మందు పేరెత్తరు, బాగోకపోతే మాతనో ఆమె విశ్వాసాన్నో అంటారు. ఆమెకు ముందుగా ఉన్నది వచ్చే కీమో. ఆ రోజు వార్డుకు కూడా మీరే తోడు వెళ్తే, యాత్ర అయిపోయింది, మళ్ళీ పాత బతుకే అన్న దిగులు ఆమెకు తగ్గుతుంది.

భర్తగారి గురించి కూడా రాశారు. ఆయన అభ్యంతరం భయంలోంచి వచ్చింది, కాబట్టి ఆయనకు తెలియకుండా ఏర్పాట్లు చేయకండి. డాక్టరుగారి దగ్గరికి తేదీ అడగడానికి వెళ్ళేటప్పుడు ఆయన్ను కూడా తీసుకెళ్ళి, ఆయన అడగాలనుకున్నవన్నీ అక్కడే అడగనివ్వండి. జ్వరమొస్తే ఏం చేస్తారో, ఏ ఆసుపత్రికి పోతారో, డ్రైవరు నంబరు ఏదో కాగితం మీద రాసి ఆయనకొకటి ఇవ్వండి. రోజుకు రెండుసార్లు ఆమె ఒంటి వేడి చూసి ఆయనకు ఫోనులో చెప్తానని మాటివ్వండి, చెప్పండి. డాక్టరు ఈ విడత కీమోలో వద్దంటే మాత్రం వచ్చే విడత దాకా ఆగండి. ఈలోపు ఆమెను గుణదలకు తీసుకెళ్ళవచ్చు, కొండెక్కకపోయినా కింద గుడిలోనే కూర్చుని రావచ్చు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే తిరునాళ్ళ రోజులు తప్పించి ఏ రోజైనా సరే.